ఇజాజత్ అడిగి ఆగమైన

దొంగతనం చేసి దొరికిపోయినోళ్లను మీరు చూసే ఉంటరు. దొంగతనం చేసి, ఇంటి ఓనరు వచ్చేదాంక ఆగి, "చూడు, ఎంత మంచిగ చేసిన్నో" అని మెప్పు కోసం నిలవడ్డ మనిషిని చూసిన్రా? చూడకుంటే గిప్పుడు నన్ను చూడుండ్రి. ఒక్క దెబ్బకు ఒక కంప్యూటర్ మతి పోగొట్టిన, ఒక ఫకీరు పరువు నలుగుట్ల తీసిన, మంచోడైన మా చాచాతోని తౌబా తౌబా అనిపించిన, ఆఖరికి పట్నం కెళ్లి వచ్చిన పెద్దసారు సుత నా చేతుల పడి ఆగమైండు. గిదంత ఒకే ఒక్క మాట తోని. ఆ మాటేందో చెప్తే "ఓస్, గింతేనా" అంటరు. జర ఓపిక పట్టుండ్రి.

ఇయ్యాల రేపు పిల్లలు "ఎథికల్ హ్యాకింగ్" అంటరు, "పెనెట్రేషన్ టెస్టింగ్" అంటరు, పరీక్షలు రాసి సర్టిఫికెట్లు గోడకు కొడ్తరు. మా కాలంల, అంటే తొంభైల ఆఖర్ల, గీ పేర్లు ఇంక పాలమూరు బస్సు ఎక్కలే. గడియారం చౌరస్త కాడ ఒక మిద్దె మీద మా కంప్యూటర్ సెంటర్ ఉండె. చెప్పులు కిందనే ఇడిసి మెట్లెక్కాలె. చెప్పులతోని పోతే కంప్యూటర్లకు వైరస్ సోకుతదని కొందరు నిజంగనే నమ్ముతుండిరి. నేనైతే కాళ్లు సుత కడుక్కొని పోతుంటి.

సెంటర్ల పాఠం చెప్పేటాయన సత్తయ్య సార్. ఆ ఏడు సార్ ఒక కొత్త కోర్సు తెచ్చిండు. తాళం ఏసిన కంప్యూటర్‌ను ఎట్ల తెరవాలె, తెరిచినంక ఓనరుకు "మీ తాళం గీడ కచ్చగున్నది, జర చూసుకోండ్రి" అని ఎట్ల చెప్పాలె, గిది కోర్సు. ఆఖర్ల పరీక్ష. పట్నం కెళ్లి పెద్దసారు వస్తడు, కంప్యూటర్‌కు తాళం ఏస్తడు, మనం తీయాలె. మంచిగ పాసైనోళ్లకు సెంటర్లనే కొలువు.

సార్ మొదటి రోజే బల్ల గుద్ది చెప్పిండు. "తాళం పగలగొట్టేటోడు దొంగ. ఓనరు ఇజాజత్ తీసుకొని పగలగొట్టేటోడు ఇంజనీరు. ఇద్దరి నడుమ ఫరక్ ఏంది?"

"ఇజాజత్ సార్!" అని అందరం మొత్తుకున్నం.

"ఇజాజత్ అంటే?"

"పర్మిషన్ సార్!"

"శెభాష్. పరీక్షల సుత ముందుగాల ఇజాజతే అడగాలె. దానికి మార్కులున్నయ్."

ఆ మాట నాకు మస్తు నచ్చింది. కిరాయి అర్రకు పోయేదాంక పిప్పరమెంటు లెక్క చప్పరించుకుంట పోయిన. మాది కొల్లాపూర్ దిక్కు పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. మా ఇంట్ల గిసొంటి నాజూకు మాటలు ఏడుంటయ్? "తోడేలొచ్చింది", "ఉరుకు", గంతే మా భాష. ఇంట్ల నా పేరు అంజమ్మ. సెంటర్ల మాత్రం అంజలి అని రాయించుకున్న. అంజలి అన్నంక నాలుగు నాజూకు మాటలన్న రావాలె గద!

గని లోపల నాకు ఒకటే భయం. మా బాపు తెగేసి చెప్పిండు. "చూడు బిడ్డా, గీ పరీక్ష పాసై కొలువు జేస్తవా, పాలమూరుల ఉండు. ఫేలైతే మూట కట్టుకొని రా. ఎండకాలం మందను అమ్రాబాద్ దిక్కు తోలాలె, నాకు తోడు కావాలె."

గొర్లంటే నాకు ఇష్టమే. గని గొర్లకు నేనంటే ఇష్టం లేకుండె. నేను కుడి దిక్కు అదిలిస్తే అవి ఎడమ దిక్కే పోతుండె. ఒకసారి మంద మొత్తం నన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి ఇంటికొచ్చింది. మా బాపు గొర్లను లెక్కపెట్టుకొని, "అన్ని వచ్చినయ్" అని తలుపేసుకున్నడు. అసొంటి బతుకుకు మల్ల పోవుడు నాతోని కాదు. కలల సుత గొర్లే, మెడలకు తాళాలు ఏసుకొని వస్తుండె.

పాలమూరుల మేము ఖాదర్ చాచా ఇంట్ల కిరాయికుంటిమి. మేమంటే నేను, మా అవ్వ. నాకు వండిపెట్టెతందుకని బాపు ఆమెను తోలిచ్చిండు గని, అసలు పని నన్ను కావలి కాసుడు. ఇంటి ముందటి అర్రల చాచా పెండ్లి కార్డుల దుకాణం. ఆ దుకాణంల ఒక కంప్యూటర్. దాని మీద మఖ్మల్ గుడ్డ, గుడ్డ మీద అల్లిన పూలు. చాచా బామ్మర్ది ఒకాయన వచ్చినప్పుడల్ల దాంట్ల పత్తాలాట, గదే పేకాట, ఆడి ఆడి సతాయిస్తుండె. అందుకని చాచా దానికి పాస్‌వర్డ్ పెట్టిండు. బిస్మిల్లా అని స్విచ్ ఏసి, చేతిరుమాలు అడ్డం పట్టుకొని ఆ పాస్‌వర్డ్ కొడ్తుండె. చూసేటోళ్లకు ఆయన ఏదో మంత్రం ఏస్తున్నట్టుండె.

అట్ల ఒక గట్టి తాళం, నా అర్ర పక్కనే. సెంటర్ల కంప్యూటర్ల తాళాలన్ని మాకు ఎప్పుడో ఎరుకైనయ్. అసలైన తాళం మీద చేయి చూసుకోకుంటే పరీక్షల వణుకు ఆగదు. ఐతారమే పరీక్ష. బేస్తారం మాపటికి ధైర్యం చేసి చాచా దుకాణంల కూసున్న.

చాచా ఒక గుత్తేదారు ఇంటి పెండ్లి కార్డు చేస్తున్నడు. ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఉర్దూ. తెల్లారి మాపటికి వాళ్లొచ్చి చూసుకోవాలె, అటెంక అచ్చుకు పోవాలె. చాచా కండ్లు తెర మీదికెళ్లి కదులుతలేవు.

"చాచా, ఐతారం నాకు పరీక్ష" అన్న.

"అచ్ఛా బేటీ. అల్లా చూసుకుంటడు."

"తాళం తీసే పరీక్ష చాచా. ప్రాక్టీస్ లేకుంటే చేతులు వణుకుతయ్."

"హా, హా." పెండ్లికొడుకు తాత పేరు మీద ఒక చుక్క ఎక్కువ పడ్డదంట. ఉర్దూల ఒక్క చుక్క ఎక్కువైతే తాతే మారిపోతడంట. దాన్ని చెరుపుకుంట ఉన్నడు.

"నీ కంప్యూటర్‌కు గట్టి తాళమున్నది గద. దాని మీద ఒక్కసారి చేయి చూసుకుంట."

"బహుత్ అచ్ఛా బేటీ" అన్నడు చాచా, తాతతోని కొట్లాడుకుంట.

గట్ల మస్తుసేపు చెప్పిన. సార్ చెప్పిన పాఠం చెప్పిన, బాపు మాట చెప్పిన, గొర్ల సంగతి చెప్పిన. అన్నిటికి "హా బేటీ" అన్నడు. ఆఖరికి లేసి నిలవడి, చున్నీ సర్దుకొని, సార్ నేర్పిన తీరుగ, మంచిగ అడిగిన. "అయితే చాచా, ఇజాజత్?"

చాచా ఉలిక్కిపడి తలకాయెత్తిండు. కండ్లద్దాలు తీసి నా దిక్కు చూసిండు. మొఖం ఎలిగిపోయింది. "మాషా అల్లా! ఎంత తమీజ్, ఎంత మర్యాద! మా ఇంటి పిల్లలకు సుత రాదు గిది. ఇజాజత్ బేటీ, ఇజాజత్! ఖుషీగ!" అని రెండు చేతులు దర్వాజ దిక్కు చాపిండు.

చేతులు దర్వాజ దిక్కు ఎందుకు చాపిండో నేను ఆలోచించలే. ఆలోచించేటోళ్లకైతే గిసొంటి కథలే ఉండవు.

తెల్లారి శుక్రవారం. చాచా తెల్లంగి, టోపీ ఏసుకొని, అత్తరు పూసుకొని జుమ్మా నమాజుకు పోయిండు. దుకాణానికి, మా అర్రకు నడుమ ఒక తలుపున్నది. నేను స్క్రూలు తీసే పేచ్‌కస్ పట్టుకొని లేసిన. అవ్వ కొంగు పట్టి గుంజింది.

"యాడికే? నమాజుకు పోయినాయన దుకాణంల జొరబడుడేంది? పాపం కాదా?"

"పాపం లేదవ్వా, ఇజాజత్ ఉన్నది."

"ఎవ్వడే గా ఇజాజత్ గాడు?"

"మనిషి కాదవ్వా! చాచానే చేసుకోమన్నడు."

"గట్లనా. మరి ముందే చెప్పొద్దా?" అని అవ్వ పోయి దుకాణం గడప మీద కూసున్నది, దొంగలు రాకుంట కావలి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటరు గద. మా ఇంట్ల దొంగకే కావలి పెట్టిన్రు, అదీ సొంత అవ్వను.

మొదలు పాస్‌వర్డ్ ఊహించి చూసిన. చాచా పేరు కొట్టిన, చాచీ పేరు కొట్టిన, వాళ్ల మేక పేరు కొట్టిన. ఏదీ కాలే. ఇగ సార్ చెప్పిన రెండో ఉపాయం. డబ్బ ఇప్పితే లోపల చిన్న బ్యాటరీ ఉంటది, అచ్చం ఆఠాణ, అంటే యాభై పైసల బిళ్ల లెక్క. అది తీసి కొంచెంసేపు ఆగితే కంప్యూటర్ తన పాస్‌వర్డ్ మరిచిపోతది. ఒక్కొక్క స్క్రూ తీసి మా అన్నం కంచంల ఏసిన. బిళ్ల ఊడొచ్చింది.

"అవ్వా, గిది జర పట్టుకో. భద్రం!" అని అవ్వ చేతుల పెట్టి, నేను మల్ల డబ్బల తల పెట్టిన. బయట ఎవలో పాట పాడుకుంట వచ్చిన్రు, లోబాన్ పొగ, అంటే సాంబ్రాణి వాసనొచ్చింది, పోయింది. నా లోకంల నేనున్న.

కొంచెం ఆగి స్విచ్ ఏసిన. పాస్‌వర్డ్ అడగలే! నిజంగ అడగలే! నేను ఎగిరి గంతేసిన. "అవ్వా, ఇంజనీరునైన!" అన్న. ఆ సంబురం ఎంతసేపంటరా? తెర మీద ఇంకో ముక్క వచ్చేదాంక. డిస్కు లేదు అన్నది కంప్యూటర్. లేదంటే లేదు. మల్ల ఏసిన, మల్ల లేదన్నది. చాచా కార్డులన్ని, గుత్తేదారు ఇంటి పెండ్లి, చుక్క చెరిపిన తాత, అందరు ఆ డిస్కులనే ఉన్నరు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు. నేను చదివితే చాచా కంప్యూటర్ మతి పోయింది.

అవ్వ దిక్కు తిరిగిన. "అవ్వా, బిళ్ల తే, తొందరగ, మల్ల పెట్టేస్త."

"ఏ బిళ్ల?"

"నీ చేతుల పెట్టిన గద!"

"గా ఆఠాణనా? ఫకీరు జోలెల ఏసిన."

"ఫకీరా!"

"శుక్రారం గద బిడ్డా. ధర్మం చేయమని ఇచ్చినవనుకున్న."

"భద్రం అని చెప్పిన గదనే!"

"దేవుని జోలె కంటె భద్రం ఏడుంటదే?" అన్నది అవ్వ.

చెప్పులు లేకుండనే చౌరస్తకు ఉరికిన. సత్తయ్య సార్ టిఫిన్ డబ్బ ముందట పెట్టుకొని కూసున్నడు. ఏడుసుకుంట అంత చెప్పిన. సార్ నోట్ల ముద్ద నోట్లనే ఆగింది.

"ముందుగాల గిది చెప్పు. ఇజాజత్ తీసుకున్నవా, లేదా?"

"తీసుకున్న సార్! రెండుసార్లన్నడు. చేతులు చాపి మరీ అన్నడు."

"అయితే నువ్వు దొంగవు కాదు. తెలివితక్కువ ఇంజనీరువు. నడువు" అని సార్ చేయి కడుక్కున్నడు.

సార్ వచ్చి కంప్యూటర్ ముందట కూసొని, ఏవో మీటలు కొట్టిండు. "డిస్కు ఏడికి పోలే. తనకు డిస్కున్నదని దీనికి యాదికి లేదు. యాది చేస్తే సరిపాయె" అన్నడు. జర సేపటికి పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల, తాత అందరు తెర మీదికొచ్చిన్రు. నాకు పోయిన పానం మల్లొచ్చింది. తారీఖు మాత్రం వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై అని చూపెడుతున్నది. పాపం, కంప్యూటర్ సుత నన్ను చూసి భయపడి అంత వెనుకకు ఉరికింది. సార్ దాన్ని బుజ్జగించి తొంభైలకు తీసుకొచ్చిండు.

"గని ఒక్క మాట. బిళ్ల లేకుంటే కరెంటు పోయినప్పుడల్ల మల్ల మరుస్తది. కొత్తది తెద్దామంటే గడియారాల దుకాణమాయన సుత నమాజుకే పోయిండు."

పాలమూరుల కరెంటు పోకుంట ఉండుడంటే ఎట్లనో మీకు నేను చెప్పాల్నా? తల పైకెత్తి తిరిగే ఫంకను చూసుకుంట నిలవడ్డ. ఫంక జర మెల్లగైతే నా గుండె మెల్లగైతున్నది.

అప్పుడొచ్చిండు చాచా. కింద పడ్డ మఖ్మల్ గుడ్డను చూసిండు. కంచంల స్క్రూలను చూసిండు. నేను మొఖం చాటంత చేసుకొని ఎదురుపోయిన.

"చాచా, తీసిన!"

"క్యా తీసినవ్ బేటీ?"

"నీ తాళం! ఇగ పాస్‌వర్డ్ లేదు, ఏం లేదు. ఎవ్వలన్న వచ్చి తెరవొచ్చు!"

ఈ ఆఖరి మాట అనకుండ ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తది.

"యా అల్లా! తౌబా, తౌబా! ఎవడు తీయమన్నడు?"

"నువ్వే."

"నేనా!"

"నువ్వే చాచా. నిన్న మాపటికి ఇజాజత్ అని నేనడిగితే, ఇజాజత్ బేటీ, ఇజాజత్ అన్నవ్. ఖుషీగ అని సుత అన్నవ్. సార్ ముందట చెప్పు, అన్నవా లేదా?"

"అన్న" అన్నడు చాచా. అటెంక రెండు చేతుల తోని నెత్తి కొట్టుకున్నడు. "అరే పగ్లీ! గది ఇంటికి పోయెతందుకు!"

"ఏది?"

"ఇజాజత్! మా ఇండ్లల్ల కూసున్నోళ్లు లేసి పోయేటప్పుడు 'ఇజాజత్' అంటరు. పోయొస్త అన్నట్టు. మేము 'ఇజాజత్' అంటం. పోయిరా అన్నట్టు. నువ్వు అంతసేపు కూసొని, లేసి, ఇజాజత్ అంటే, హమ్మయ్య పోతున్నది, ఎంత తమీజున్న పిల్ల అని ఖుషీ అయిన. తీయమనలే బేటీ, పొమ్మన్న! పొమ్మన్న!"

మా ఊర్ల ఇంటికి పోయెతందుకు ఒకలను అడుగుడేంది, లేసి పోవుడే. నాకేం ఎరుక? అడగందే అమ్మైనా పెట్టదంటరు. అడిగినందుకే నేను ఆగమైన. సత్తయ్య సార్ దిక్కు చూసిన. ఆయన గోడ పట్టుకొని మెల్లగ కింద కూసుంటున్నడు. గుండెపోటేమో అని భయపడ్డ. నవ్వు. కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్. "అవునమ్మా... అట్ల సుత అంటరు... నాకు యాదికే లేకపాయె" అని కడుపు పట్టుకున్నడు.

ఫంక ఆగింది.

కరెంటు పోయి, మల్ల వచ్చే వరకు కంప్యూటర్ ఎప్పటి తీరుగనే డిస్కు లేదన్నది. "నా కార్డు! గుత్తేదారు వస్తడు! నా దుకాణం బద్నామైతది!" అని చాచా మొత్తుకుంటున్నడు. గప్పుడే దర్వాజల లోబాన్ పొగ. ఫకీరు. మా అవ్వను చూసి చేయి చాపిండు.

"అమ్మా, నీ ఆఠాణ నడుస్తలేదు. చాయ హోటలాయన నకిలీ బిళ్ల అని నలుగుట్ల నన్ను దొంగ అన్నడు. నీది నీకే ముబారక్."

చాచా ఆ బిళ్లను అందుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "గిదేంది?"

"నీ కంప్యూటర్ గుండెకాయ చాచా" అన్న.

సార్ బిళ్ల పెట్టిండు, డిస్కును మల్ల యాది చేసిండు. చాచా ఫకీరుకు అసలైన బిళ్ల ఇచ్చి, మాఫీ అడిగిండు. గుత్తేదారు వచ్చి కార్డు చూసి, తాత పేరు సరిగ్గున్నదని మెచ్చుకొని పోయిండు. ఆయన పోయినంక చాచా నన్ను పిలిచిండు. నేను గోడకు అతుక్కొని నిలవడ్డ.

"చూడు బేటీ. ఐతారం నువ్వు పాసైనవనుకో, ఖాదర్ ఇంట్ల ఇంజనీరు కిరాయికున్నది అంటరు. ఫేలైనవనుకో, ఖాదర్ దొంగకు జాగా ఇచ్చిండంటరు. ఫేలైతే అర్ర ఖాళీ చేయాలె. సమజైందా?"

సమజైంది. ఇంతకుముందు కొలువొక్కటే పోతుండె. ఇప్పుడు అర్ర సుత. శనివారం అంత బుక్కు పట్టుకొని కూసున్న గని ఒక్క అక్షరం ఎక్కలే. కండ్ల ముందట ఒకటే మాట తిరుగుతున్నది. ఇజాజత్. అన్నడంటే ఇచ్చినట్టా, పొమ్మన్నట్టా?

ఐతారం వచ్చింది. పట్నం పెద్దసారు వచ్చిండు. తీరైన అంగి, కృష్ణ నది అవతలి భాష. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నరు. నా వంతొచ్చింది. సత్తయ్య సార్ దర్వాజ కాడ నిలవడి, కంగారు పడకు అని కండ్లతోని సైగ చేసిండు.

"రామ్మా అంజలీ. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. మొదలుపెట్టు" అన్నడు పెద్దసారు.

నేను చేతులు కట్టుకొని నిలవడ్డ. "సార్, గీ కంప్యూటర్ తాళం తీయొచ్చునా?"

"తియ్యొచ్చు. అనుమతి అడిగావు, మంచిది. కానివ్వు."

"కానియ్యి అంటే షురూ చేయమన్నట్టా సార్, ఇగ పొమ్మన్నట్టా?"

"పొమ్మనడమేంటమ్మా? చెయ్యమని."

"చేయమంటే తాళం తీయమనే గద సార్? వేరే అర్థం ఏం లేదు గద?"

"లేదు. తాళం తియ్యి."

"డబ్బ ఇప్పొచ్చునా?"

"వద్దు. విప్పకూడదు."

"బ్యాటరీ?"

"ముట్టుకోవద్దు."

"నేను సుత ముట్టనే సార్, మంచిదైంది." చెమట కారుతున్నది, చున్నీతోని తుడుసుకున్న. "సార్, ఇంకొక్క మాట. గీ కంప్యూటర్ మీదేనా?"

"సెంటర్‌ది. ఇవాళ్టికి నాదే."

"తాళం?"

"తాళం నేనే పెట్టాను."

"మీరే పెట్టినట్టు నేనెట్ల నమ్మాలె సార్?"

పెద్దసారు చేతిల పెన్ను కింద పెట్టిండు. "ఏమన్నావ్?"

"కోపం చేయకుండ్రి సార్. వేరేటోళ్లు పెట్టిన తాళానికి మీరు ఇజాజత్ ఇస్తే, రేపు వాళ్లొచ్చి నన్ను దొంగ అంటరు. మొన్న గట్లనే అయింది. అర్ర ఖాళీ చేయాలె సార్ నేను. గొర్లు కాయాలె. అవి నా మాట వినయ్ సార్!"

"గొర్రెలేంటమ్మా!" అని పెద్దసారు లేసి నిలవడ్డడు. మొఖం కందగడ్డైంది. "ఈ కంప్యూటర్‌కి తాళం పెట్టింది నేను! నా చేతుల్తో పెట్టాను! మా అమ్మాయి పేరు పెట్టాను! స్వాతి అని పెట్టాను! ఇంతకంటే రుజువేం కావాలి నీకు!"

దర్వాజ కాడ సత్తయ్య సార్ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నడు. నేను మాత్రం నిజంగ, ఒట్టేసి చెప్తున్న, రుజువు దొరికిందని నిమ్మళమై కుర్చీల కూసున్న. మీటల మీద చేయి పెట్టినంకనే ఆయన ఏమన్నడో బుర్రకెక్కింది. ఎక్కంగనే ఇంకో భయం పట్టుకున్నది.

"సార్," అన్న మెల్లగ, "స్వాతిల టీ తర్వాత హెచ్ ఉన్నదా?"

"ఉంది" అన్నడు పెద్దసారు. అని, నాలుక కరుచుకున్నడు.

తాళం తెరుచుకున్నది. పెద్దసారు కుర్చీల కూలవడి, సత్తయ్య సార్ దిక్కు తిరిగి అన్నడు. "ఈ అమ్మాయికి అన్ని మార్కులూ వేసుకోండి సత్తయ్య గారూ. ఇవాళ పరీక్షలో ఫెయిలైంది నేనొక్కడినే."

మనిషిని మాటలతోని సతాయించి తాళం చెవి రాబట్టుడు సుత హ్యాకింగ్‌ల పెద్ద విద్యేనంట. దానికి ఇంగ్లీషుల పేరున్నదంట, పుస్తకాలున్నయంట. మాకు ఎరుక లేక మా ఊర్ల దాన్ని "పానం తీసుడు" అంటరు.

కొలువొచ్చింది. అర్ర నిలిచింది. చాచా వీధి వీధికి "మా ఇంజనీరు" అని చెప్పుకున్నడు. బాపు కబురు ఇని, "గొర్లు బతికినయ్" అన్నడంట.

గని ఆనాడు పెట్టుకున్న ఒట్టు ఇయ్యాలటి దాంక తప్పలే. మీ ముందట మల్ల పెడుతున్న, ఇనుండ్రి. పాలమూరు గడ్డ మీద పుట్టిన అంజమ్మనైన నేను, ఎవ్వలింటికి పోయినా, ఏ కంప్యూటర్ ముట్టినా, ఆ నాజూకు మాటను నా నోటెంబడి రానియ్య. తీసేదుంటే "తీస్త" అంట. పోయేదుంటే "పోయొస్త" అంట. ఎదుటోళ్లు చెవిటోళ్లైతే కాయితం మీద రాసి చూపెడ్త. ఇదంత ఇని మీకు నవ్వొస్తున్నదా? నవ్వుండ్రి, కడుపునిండ నవ్వుండ్రి. దానికి నా ఇజాజ...

తౌబా, తౌబా!